పురోద్యానములలో మతసభలు

పురోద్యానమున మతసభ జరుపుట పౌరుల హక్కా, పురపాలకుల అనుగ్రహమా? అమెరికా సంయుక్తరాష్ట్రముల న్యాయస్థానములు ఈ ప్రశ్నకు అర్ధశతాబ్ది కాలములో రెండు విరుద్ధ సమాధానముల నొసగినవి.

బోస్టన్ కామన్ అను ఉద్యానమున అనుజ్ఞ లేక ప్రసంగించిన డేవిస్ అను మతబోధకుడు దండితుడయ్యెను. గృహయజమానునకు తన యింటిపై గల అధికారము వంటిదే శాసనసభకు ఉద్యానముపై గలదని 1895లో మసాచుసెట్స్ న్యాయమూర్తి హోమ్స్ నిర్ణయించెను. 1897లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపఱచెను.

1939 నాటి హేగ్ వ్యాజ్యమున ఈ భావము మాఱెను. వీధులును, ఉద్యానములును ప్రజోపయోగార్థము న్యాసరూపమున నున్నవని న్యాయమూర్తి రాబర్ట్స్ వ్రాసెను.

ఈ సూత్రమునకు పరీక్ష రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి పాటకెట్ నగరమున జరిగెను. అచ్చటి నగరశాసనము ఉద్యానములలో మతసభల నుద్దేశించి ప్రసంగించుటను నిషేధించినది. యెహోవాసాక్షుల బోధకుడగు ఫౌలర్ సుమారు 400 మంది యెదుట ప్రసంగించుచుండగా, సభ ప్రశాంతముగనే యున్నను, కొలది నిమిషములకే నిర్బంధింపబడెను. 5 డాలర్ల జరిమానా పడెను. కాని క్యాథలిక్కుల, ప్రొటెస్టెంట్ల ఆరాధనలకు ఆ నిషేధము వర్తింపదని ప్రభుత్వపక్షమే అంగీకరించెను. ఒకరి బోధను ఆరాధన యనియు, మఱియొకరి బోధను ప్రసంగమనియు విభజించుట ప్రభుత్వమునకు తగదని 1953లో సుప్రీంకోర్టు శిక్షను కొట్టివేసెను.

ఆ యేటనే పౌలోస్ వ్యాజ్యమున, అందఱకును సమానముగ వర్తించు అనుమతి నియమమును అదే న్యాయస్థానము సమర్థించెను. ఈ రెండు తీర్పులను కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును: పురపాలకులు సభకు వేళను, స్థలమును నియమింపవచ్చును గాని, మతముల తారతమ్యము నెంచరాదు.