పరీక్ష పెట్టకుండా పిల్లల్ని తెలుసుకోవడం: నల్లమల నుంచి ఒక చరిత్ర

అచ్చంపేట నుంచి మన్ననూరు వైపు పోతుంటే నల్లమల అడవి మొదలవుతుంది కదా. అక్కడి ఒక చెంచు పెంట నుంచి నాలుగేళ్ల పాప అంగన్‌వాడీకి వచ్చిందనుకోండి. టీచర్ రంగులు అడిగింది, అంకెలు అడిగింది. పాప నోరు విప్పలేదు. 'ఏమీ రాదు' అని రాసేస్తాం. నిజంగా ఏమీ రాదా?

దీనికి జవాబు వెతకాలంటే 1940కి వెళ్లాలి. యుద్ధం వల్ల అప్పుడు ఇద్దరు విదేశీయులు మన దక్షిణాదిన చిక్కుబడిపోయారు. మద్రాసు అడయారులో ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి. హైదరాబాద్ సంస్థానంలో ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్. బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఇద్దరూ శత్రుదేశస్థులే. ఒకరినొకరు కలిశారని నేను చెప్పట్లేదు, ఇద్దరి పని పద్ధతి మాత్రం ఒకటే: ముందు చూడటం, తర్వాతే చెప్పడం.

మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదపిల్లల కోసం బడి తెరిచింది. అక్కడ మూడేళ్ల పాప ఒకతి చెక్కముక్కల్ని వాటి గుంతల్లో పెడుతూ, తీస్తూ, మళ్లీ పెడుతూ ఉంది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా తల ఎత్తలేదు. ఈమె పక్కన కూర్చుని లెక్కపెట్టింది, నలభైసార్లకు పైగా! చిన్నపిల్లలకు ఏకాగ్రత ఉండదనే మాటను ఆ లెక్క కొట్టిపారేసింది. ఏ ప్రశ్నాపత్రంతో ఇది తెలిసేది చెప్పండి?

హైమెండార్ఫ్ భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో చెంచుల మీద పుస్తకం వేశాడు. ఆయన పిల్లల చదువు కొలవడానికి రాలేదు, అదీగాక బయటివాడి చూపు. అయినా మనుషుల్ని వాళ్ల చోటనే, వాళ్ల పనిలోనే చూశాడు.

మన అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. బరువు తూచడం, కార్డు మీద గీత గీయడం బాగా పాతుకుపోయాయి. మంచిదే, ప్రాణాలు నిలబెట్టే పని అది. కానీ పాప ఎలా ఆలోచిస్తోందో రాసుకునే అలవాటు అంతగా రాలేదు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు పరీక్షలు తగవని, గమనించడం ఒక ముఖ్యమైన దారని స్పష్టంగా చెప్పింది.

గమనించడం అంటే 'బాగా ఆడింది' అని రాయడం కాదండీ. 'చింతగింజల్ని పెద్దవి, చిన్నవి అని తనే వేరుచేసింది. పక్క పిల్లాడు కలిపేస్తే మళ్లీ మొదలుపెట్టింది.' ఇదీ రాయాల్సింది. వర్గీకరణ వచ్చు, పట్టుదల ఉంది, మాట ఇంకా రాలేదు. రేపు ఏం చేయాలో కూడా ఇందులోనే ఉంది.

ఇక్కడ టీచర్ల గోడు కూడా చెప్పాలి. గుడ్లు, పాలు, తూకాలు, రిజిస్టర్లు, పైగా ఫోన్‌లో పోషణ్ ట్రాకర్. దీనికి ఇంకో రిజిస్టర్ కలిపితే నెలాఖరున ఒకే కూర్చోవడంలో టిక్కులు పడిపోతాయి. తప్పు వాళ్లది కాదు. రోజుకు ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికి రెండు వాక్యాలు, అంతే అడిగితే రాయగలరు.

ఆ పాప దగ్గరికి మళ్లీ వద్దాం. మర్నాడు టీచర్ ప్రశ్నలు పక్కనపెట్టి గుప్పెడు గింజలు, ఆకులు ముందు పోసి పక్కన కూర్చుంటే చాలు. ఒక ఆకు తీసి పాప దాని పేరు చెప్పవచ్చు. ఆ పేరు బహుశా టీచర్‌కే తెలియకపోవచ్చు.