చెట్టుకింత

మా అమ్మమ్మగారి దొడ్లో 11 కొబ్బరిచెట్లు ఉండేవి. రాజమండ్రిలో పాత పెంకుటిళ్ల వెనక అప్పట్లో అదేం పెద్ద విశేషం కాదు. రెండు నెలలకోసారి దింపు తియ్యడానికి ఒకాయన వచ్చేవాడు, వెంట భార్య. అమ్మమ్మ అరుగు మీద నిలబడి చెట్టుకింత అని బేరమాడేది. "ఎక్కి దిగడానికి అంతేటయ్యా?" అనేది. ఆయన నవ్వేవాడు. "తమరెక్కండమ్మగారూ, నేను కాయలేరతాను."

బేరం ఎక్కడో ఒకచోట తెగేది. "చెట్టెక్కుతున్నామండీ" అని పక్క దొడ్లకు వినిపించేలా కేకేసి, కాళ్లకు బంధం తగిలించుకుని ఆయన పైకి వెళ్లిపోయేవాడు. కాయలు ఏరడం, ఎండుమట్టలు లాగి పేర్చడం, రాశి పోసి లెక్కపెట్టడం, చివర్న దొడ్డి ఊడవడం ఆమె పని. డబ్బు ఆయన చేతిలో పడేది. ఆమెకు రెండు కాయలు. చెట్టుకింత అన్న లెక్కలో ఆమె లేదు. స్త్రీల రచనల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని, ఈ సంగతి నాకు ముప్పయ్యేళ్లు దాటాకగానీ తట్టలేదు.

ముందు ఆయన పని గురించి. ఎక్కి దిగడమే అనుకుంటాం కదా. ఏ గెల ముదిరిందో, ఏది మరో నెల ఆగాలో పైన నిలబడి తేల్చాలి. కొబ్బరికైనా తాడికైనా ఉండేది ఒకటే మొవ్వు. దానికి దెబ్బ తగిలితే చెట్టే పోతుంది. మొవ్వులో కొమ్ము పురుగు చేరితే ఇనప చువ్వతో గుచ్చి తీసేదీ దింపు మనిషే. వేరే దేశాల్లో ఇలాంటి పనికి శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్టు ఉంటాయి. చేసేవాళ్లను వృక్ష నిపుణులంటారు.

కల్లుగీత ఇంకా సున్నితమైన పని. గీత మనిషి మోకు నడుముకు చుట్టుకుని ఎక్కుతాడు. పోతుతాడి గెలల్ని కొన్నాళ్లపాటు మెల్లగా నొక్కి మెత్తబరిచి, కొనను రోజూ పల్చగా చెక్కాలి. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది, అసలు కొయ్యకపోతే ధార ఆగిపోతుంది. పండగనీ జ్వరమనీ మానడానికి లేదు. సీజనంతా పొద్దునా సాయంత్రం అదే చెట్టు ఎక్కాలి. జారితే ఏమవుతుందో గోదావరి జిల్లాల్లో ఏ గీత కుటుంబాన్ని అడిగినా చెప్తారు.

ఇంత నేర్పుకు వెల ఎందుకు కట్టలేదు? పాత కాగితాల్లో వెతికితే వీళ్లు పన్ను పద్దుల్లోనే ఎక్కువ కనిపిస్తారు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం గీసే చెట్టుకు లైసెన్సు పెట్టింది, పన్ను కట్టింది. సర్కారు చెట్లను లెక్కపెట్టింది. ఎక్కే మనుషుల లెక్క దానికి అవసరం లేకపోయింది. 1909లో థర్స్‌టన్ దక్షిణ భారత కులాల గురించి సంపుటాలు వేసినప్పుడు గీత పని ఈడిగలనే కులం కింద చేరింది. పని కులంగా మారాక ఆ నేర్పు పుట్టుకతో వచ్చేదే అనిపించుకుంటుంది. నేర్చుకోనిదానికి కూలి ఎక్కువెందుకు అన్న వాదం అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. ఈ వాదం మనకు కొత్త కాదు. వంట గురించీ, పిల్లల పెంపకం గురించీ మనం విన్నది ఇదే.

తర్వాత నిషేధం. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టింది. పోయిన అబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. 1948 కల్లా నిషేధం ప్రెసిడెన్సీ అంతటికీ పాకింది, మన గోదావరి జిల్లాలతో సహా. ఖజానాకు ప్రత్యామ్నాయం దొరికింది. గీత కుటుంబాలకు చూపించినది తాటిబెల్లం. తియ్యటి నీరా దించుకోవచ్చు, కాచి బెల్లం చేసుకోవచ్చు.

ఆ బెల్లం కాచేదెవరు? ఆయన దించడం వరకే. దించిన నీరా పులవకముందే పొయ్యెక్కాలి. కట్టెలు ఏరుకురావాలి, గంటలకొద్దీ పొగలో కలియబెట్టాలి, పాకం చూసి అచ్చుల్లో పొయ్యాలి. తరవాత గంపనెత్తుకుని అమ్ముకురావాలి. అదంతా ఆడవాళ్ల పని. అంటే నిషేధం మగవాడి సంపాదన తగ్గించి, ఆ లోటు పూడ్చే పని ఆడమనిషి పొయ్యి మీద పెట్టింది. మద్యనిషేధం ఆడవాళ్లకు ఎంత మేలు చేసిందో చెప్పే వ్యాసాలు నేను చాలా చదివాను. ఈ పొయ్యి వాటిలో ఎక్కడా తగల్లేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పటికి ఈ కోపం రాజుకునే ఉంది. ఎస్. వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తెయ్యమంది. ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత పనివాళ్లు సత్యాగ్రహం చేశారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం నెగ్గి ఆంధ్ర రాష్ట్రపు తొలి మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆంధ్రకేసరి గద్దె దిగడానికి చెట్టెక్కే మనుషుల జీవనం ఒక కారణమని మా పాఠాల్లో ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వం పోయింది గానీ నిషేధం వెంటనే పోలేదు.

ఈ కథ చెప్పుకునేటప్పుడు కూడా నాయకులు, ఓట్లు, కమిటీలే. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పటి నుంచీ ఇలాంటిచోట ఆడవాళ్లెక్కడ అని అడగడం మనకు అలవాటైంది. 1954 సత్యాగ్రహం దగ్గర ఆ ప్రశ్న వేసినవాళ్లు నాకు కనబడలేదు. 1992 దూబగుంట మనదని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అది సారా మీద పోరాటం. సారా వెనక కాంట్రాక్టర్లు, వేలంపాటలు ఉన్నాయి. కల్లుకుండ వెనక చాలాచోట్ల ఒక కుటుంబమే ఉంది. తాగొచ్చి కొట్టే మొగుడికి అది సారానో కల్లో తేడా లేకపోవచ్చు, నిజమే. దెబ్బలు తిన్న ఆడమనిషీ, గీత ఆగిపోతే పస్తుండే ఆడమనిషీ ఒకే వాడలో ఉంటారు, ఒక్కోసారి ఒకరే కూడా. ఈ రెండిట్లో ఒకటే మనం రాశాం.

గోదావరి దాటి కోనసీమకు వెళితే లెక్క మళ్లీ కొబ్బరిదే. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు తోటలకు తోటలే పడిపోయాయి. నష్టాన్ని చెట్ల లెక్కన కట్టారు. కాయలు ఏరి, మోసి, పీచు పనికి వెళ్లే ఆడవాళ్లకు చెట్టు ఉండదు, చెట్టుకింత అన్న రేటూ ఉండదు. 1976 సమాన వేతన చట్టం ఒకే పనికి, ఆ కోవకే చెందే పనికి ఒకే కూలి ఇమ్మంది. పైన ఒక పని, కింద ఇంకో పని అంటే చట్టం తప్పుకుంటుంది. ఆమెను ఎక్కనివ్వరు. ఎక్కలేదు కాబట్టి ఇవ్వరు.

ఎక్కనివ్వకపోవడానికి కారణాలు చీర, పరువు, పక్క దొడ్లు. పైనుంచి నలుగురి దొడ్లూ కనిపిస్తాయి కదా, ఆడది చూస్తే ఏం కొంప మునుగుతుందో! కేరళలో ఎక్కేవాళ్లు కరువయ్యాక 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు 'చెట్టు నేస్తాలు' అన్న అర్థం వచ్చే పేరుతో శిక్షణ పెట్టింది. కాలితో తొక్కుతూ ఎక్కే ఇనప సాధనం చేతికిచ్చింది, బీమా కట్టింది. ఆడవాళ్లూ నేర్చుకుని ఎక్కారు. అవసరం ముంచుకొస్తే పరువు సర్దుకుంటుందన్నమాట. ఆడవాళ్లంతా చెట్లెక్కాలని నేననడం లేదు. ఎక్కినా ఎక్కకపోయినా ఆ పూట చేసిన పనికి ఆమె పేరున రేటు ఉండాలంటున్నాను. ఆయనకు చెట్టుకింతతో పాటు ప్రమాదానికి బీమా, ఎక్కలేని వయసుకు పింఛనూ ఉండాలి.

ఇప్పుడు మా అమ్మమ్మ లేదు, చెట్లు రెండే మిగిలాయి. పోయిన వేసవిలో అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు దింపుకు ఆ పాతాయన కొడుకు, కోడలు వచ్చారు. ఎక్కినందుకెంత, ఏరినందుకెంత విడివిడిగా చెప్పమన్నాను. "ఇద్దరిదీ ఒకటే లెక్కండి, వేరేంటండీ" అని అతను నవ్వాడు.

ఆమె నవ్వలేదు. కొంగు దోపుకుంటూ, "కాయకింతిప్పించండి" అంది.