కుచ్చుటోపీ మాంత్రికుడు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2016లో ఒక హాస్యగాడి సామాను మొత్తాన్ని తన సేకరణలో చేర్చుకుంది. పోస్టర్లు, స్క్రిప్టులు, గారడీ సరంజామా వగైరా పెట్టెలకు పెట్టెలు వచ్చాయి. వాటితోపాటు సొరుగులున్న ఒక ఇనుప క్యాబినెట్ కూడా వచ్చింది. తెరిచి చూస్తే అన్నీ జోకులే. విషయాన్ని బట్టి విడదీసి, అక్షర క్రమంలో సర్దిపెట్టినవి. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజులు కూడా అంత పద్ధతిగా ఉండవు.

ఆ క్యాబినెట్ యజమాని వేదిక మీదకు వస్తే మాత్రం పద్ధతి అన్న మాటే వినపడేది కాదు. బల్ల నిండా చెత్తాచెదారం. ఏది ఎక్కడ పెట్టాడో తనకే గుర్తుండదు. ఒక వస్తువు తీస్తాడు, దాన్ని తేరిపార చూస్తాడు, ఇదెందుకు తెచ్చానా అన్నట్టు పక్కన పడేస్తాడు. గారడీ మొదలుపెడతాడు, అది కాస్తా చెడుతుంది. బిక్కమొహం వేస్తాడు, ఆ వెంటనే తనే పగలబడి నవ్వుతాడు. ఆరడుగులు దాటిన మనిషి, చేటంత పాదాలు, నెత్తిన ఎర్రటి కుచ్చుటోపీ. పేరు టామీ కూపర్. మ్యాజిక్కునీ, ఒంటరిగా నిలబడి జోకులు చెప్పే విద్యనీ కలిపినవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. ఆ రెండింటి మధ్య అతుకు కనపడకుండా చేసినవాళ్లలో నేను మొదట చెప్పే పేరు ఇదే.

కూపర్ 1921 మార్చి 19న వేల్స్‌లోని కెర్ఫిల్లీలో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతానికి మారింది. ఎనిమిదేళ్లప్పుడు చుట్టాలావిడ ఒకామె పిల్లల మ్యాజిక్ సెట్టు ఒకటి కొనిచ్చింది. చదువు ఆపేశాక సౌతాంప్టన్ దగ్గర హైత్‌లో పడవలు కట్టే కార్ఖానాలో పని నేర్చుకోవడానికి చేరాడు. అక్కడి క్యాంటీన్‌లో తోటి పనివాళ్ల ముందు ఒకసారి గారడీ చేసే అవకాశం వచ్చింది. పాల సీసా తలకిందులు చేసినా పాలు కారకూడదు. కారాయి. గొంతు తడారిపోయింది, చేతులు వణికాయి, మిగతా గారడీలు కూడా ఒకదాని వెంట ఒకటి తన్నేశాయి. జనం విరగబడి నవ్వారు. కుర్రాడు అవమానంతో వేదిక దిగిపోయాడు. తర్వాత కాస్త తేరుకున్నాక అతనికి తట్టిన సంగతే అతని జీవితాన్ని నిలబెట్టింది. గారడీ సరిగ్గా వచ్చి ఉంటే వాళ్లు మర్యాదకు నాలుగు చప్పట్లు కొట్టి ఊరుకునేవారు. చెడింది కాబట్టి కడుపుబ్బ నవ్వారు.

1940లో సైన్యంలో చేరి రాయల్ హార్స్ గార్డ్స్ దళంలో పనిచేశాడు. యుద్ధం అతన్ని ఈజిప్టు ఎడారికి తీసుకుపోయింది. అక్కడ సైనికుల కోసం నడిపే వినోద బృందాల్లో దూరాడు. వేషంలో భాగంగా తెల్లదొరలు ఎండకు పెట్టుకునే గట్టి టోపీ పెట్టుకునేవాడు. ఒకనాడు కైరోలో ప్రదర్శన వేళకు ఆ టోపీ మరిచిపోయి వచ్చాడు. పక్కనుంచి పోతున్న వెయిటరు నెత్తిమీది ఎర్రటి ఫెజ్ టోపీ లాక్కుని తన తలకు తగిలించుకున్నాడు. ఆ వేషం చూడగానే జనం నవ్వారు. ఇక ఆ టోపీ అతని తల దిగలేదు. తమాషా ఏమిటంటే 1952 తిరుగుబాటుతో రాజు ఫారూక్ గద్దె దిగాక, పాత రాచరికపు గుర్తంటూ ఈజిప్టులో ఆ టోపీకి రోజులు చెల్లాయి. కైరో వీధుల్లో అది మాయమవుతున్న ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఒక మనిషి ఆనవాలుగా స్థిరపడింది.

1947లో సైప్రస్‌లో గ్వెన్ హెంటీని పెళ్లి చేసుకుని, సైన్యం వదిలి లండన్ చేరాడు. అప్పటికి సైన్యం నుంచి తిరిగొచ్చిన హాస్యగాళ్లు ఊళ్లో కోకొల్లలు. మిఫ్ ఫెర్రీ అనే మాజీ బ్యాండు నాయకుడు ఏజెంటుగా కుదిరాడు. ఇద్దరికీ పొసగకపోయినా దశాబ్దాలపాటు ఆ ఒప్పందం సాగింది.

ఆ కాలపు హాస్యగాళ్లకు పెద్ద బడి విండ్‌మిల్ థియేటర్. అక్కడ నగ్నంగా నిలబడే అమ్మాయిలను చూడడానికి జనం వచ్చేవారు. వాళ్లు విగ్రహాల్లా నిలబడాలే తప్ప కదలకూడదని అప్పటి సెన్సారు నియమం. రెండు దృశ్యాల మధ్య జోకులు చెప్పడానికి ఒకడు కావాలి కదా. ఆ ఒకడి మాట వినే నాథుడు ఉండడు. ముందు వరుసలో సీటు ఖాళీ అయితే చాలు, వెనకవాళ్లు కుర్చీల మీద నుంచి దూకి వచ్చి పడేవారు. పీటర్ సెల్లర్స్, టోనీ హాంకాక్, హ్యారీ సీకూంబ్ ఆ గందరగోళంలో రాటుదేలినవాళ్లే. కూపర్ కూడా అంతే. విండ్‌మిల్‌లో పగలంతా ఆటలు, రాత్రి క్లబ్బుల్లో మరిన్ని. ఒక వారంలో 52 ప్రదర్శనలు ఇచ్చాడని చెప్పుకుంటారు. 1952కల్లా బీబీసీ టెలివిజన్‌లో ‘ఇట్స్ మ్యాజిక్’ అనే సొంత కార్యక్రమం వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా అతని మొహం తెలియని బ్రిటిష్ ఇల్లు లేదు.

ఇంతకీ అతను చేసిందేమిటి?

మామూలు మాంత్రికుడు ప్రేక్షకుడితో ఒక పందెం వేస్తాడు: నేను మోసం చేస్తాను, నువ్వు పట్టుకో చూద్దాం. కూర్చున్నవాడు వెంటనే చేతులు కట్టుకుని, కళ్లు చికిలించి, చొక్కా చేతుల్లోకి చూపు దూర్చడం మొదలుపెడతాడు. గారడీవాడికి ఇంతకంటే గడ్డు శత్రువు లేడు. ఆ శత్రువును నిరాయుధుణ్ణి చేయడానికే గారడీలో మాటలు పుట్టాయి. మన వీధి గారడీవాడు డమరుకం మోగిస్తూ, ఎదుటి కుర్రాడిని ఆటపట్టిస్తూ, ఊపిరి తీసుకోకుండా వాగేది ఊరికే కాదు. నవ్వుతున్న మనిషి నవ్వుతున్నంతసేపూ కాపలా కాయలేడు. తల వెనక్కి వాలుతుంది, చూపు చెదురుతుంది, పక్కవాడి వైపు తిరుగుతాడు. చేతి పని జరిగిపోవడానికి ఆ క్షణం చాలు. స్పెయిన్ మాంత్రికుడు హువాన్ తమారిజ్ గారడీ పూర్తికాగానే లేని వయొలిన్ వాయిస్తూ గంతులు వేస్తాడు. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వుల్లో ఏ పేకముక్క ఎటు పోయిందో ఎవరికి పట్టింది!

కూపర్ ఇంకో మెట్టు దిగాడు. పందెమే ఎత్తేశాడు. వీడికి గారడీ రాదు అని జనాన్ని ముందే నమ్మించేశాడు. రానివాణ్ణి ఎవరు కాపలా కాస్తారు? సీసా, గ్లాసు రెండింటికీ చెరో గొట్టం మూసి వాటి చోట్లు మార్చే పాత గారడీ ఒకటుంది. కూపర్ ఆ రెండు పేర్లనే అటూ ఇటూ తిప్పి జపంలా చదువుతూ గొట్టాలు ఎత్తి దించుతుంటే, ఉన్నట్టుండి రెండు సీసాలవుతాయి, మూడవుతాయి, బల్ల నిండుతుంది. అతనేమో ఇవెక్కడివి అన్నట్టు కంగారు పడతాడు. చూసేవాడికి అది పాడైన గారడీ. పని తెలిసినవాడికి తెలుసు, అన్ని సీసాలు ఖాళీ బల్ల మీద పుట్టించడం అసలు గారడీ కంటే కష్టమని. తప్పు ఎప్పుడు చేయాలో, ఎంత చేయాలో, తప్పు మీద తప్పు ఎన్నో లెక్కకు ఆపాలో తెలియాలంటే ఒప్పు కంఠతా వచ్చి ఉండాలి. అతను మ్యాజిక్ సర్కిల్ సభ్యుడు. కొత్త గారడీ సామాను ఎక్కడుందంటే అక్కడికి పరుగెత్తేవాడు. అన్నీ చెడగొట్టి చెడగొట్టి, చివర్లో ఒక గారడీ నిజంగానే అద్భుతంగా చేసి వదిలేవాడు. అప్పటిదాకా నవ్విన నోళ్లు తెరుచుకుని అలాగే ఉండిపోయేవి.

మన పిట్టలదొర కూడా ఈ కిటుకు తెలిసినవాడే. ఖాకీ కోటు, దొర టోపీ, కట్టె తుపాకీ పెట్టుకుని కోతలు కోస్తుంటే ఎవరూ నమ్మరు. నమ్మరన్న సంగతి తెలిసే కోస్తాడు. తేడా ఒక్కటే, కూపర్ చేతిలోది కట్టె తుపాకీ కాదు.

జోకుల్లోనూ అదే చెయ్యి కనిపిస్తుంది. అటక మీద అతనికి ఒక వయొలిన్, ఒక తైలవర్ణ చిత్రం దొరికాయట. నిపుణుడికి చూపిస్తే, ఒకటి స్ట్రాడివేరియస్‌ది, ఒకటి రెంబ్రాంట్‌ది అన్నాడట. చిక్కల్లా ఏమిటంటే స్ట్రాడివేరియస్‌కు బొమ్మలు వేయడం రాదు, రెంబ్రాంట్‌కు వయొలిన్లు చేయడం రాదు. ఇది చెప్పి ఆ బొమ్మను కాలితో తన్ని చింపేసేవాడు. రెండు గొట్టాల కింద రెండు వస్తువులు చోట్లు మార్చుకోవడమే ఇక్కడా జరిగింది. సీసాకూ గ్లాసుకూ బదులు ఇద్దరు మహానుభావులు.

చెడిన గారడీతో నవ్వించినవాడు అతనొక్కడే కాదు. అమెరికాలో కార్ల్ బాలంటైన్ నిలువెత్తు నల్ల కోటు వేసుకుని, ఒక్క గారడీ కూడా దక్కించుకోలేని మహా మాంత్రికుడిగా అదే కాలంలో పేరు తెచ్చుకున్నాడు. తర్వాతి తరంలో పెన్, టెల్లర్ జంటలో ఒకడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే మరొకడు నోరు విప్పడు. గిన్నెలూ బంతుల గారడీని గాజులా కనపడే గిన్నెలతో, గుట్టు విప్పుతూనే చేసి, అయినా కంటికి అందకుండా చేసిన ఘనులు వాళ్లు. అయితే వాళ్లలో తెలివి కనపడుతుంది. కూపర్‌లో తెలివి కనపడదు. అందుకే నా ఓటు కూపర్‌కే.

ఇంటి దగ్గర ఆ మనిషి అంత ముద్దొచ్చేవాడు కాదు. తాగుడు ముదిరింది. తాగినప్పుడు చెయ్యి చేసుకునేవాడన్న మాటా ఉంది. పిసినారితనం మీద కథలు కొల్లలు. టాక్సీ డ్రైవరు జేబులో ఏదో దూర్చి, నా పేరు చెప్పుకుని ఒకటి తాగు అని వెళ్లిపోయేవాడట. తీసి చూస్తే టీ పొట్లం. 1977లో రోమ్‌లో గుండెపోటు వచ్చింది. బతికి బయటపడ్డాడు గానీ పాత ఊపు తగ్గింది.

1984 ఏప్రిల్ 15, ఆదివారం రాత్రి. లండన్‌లోని హర్ మెజెస్టీస్ థియేటర్ నుంచి టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కూపర్ పొడవాటి అంగీ తొడుక్కుని తెరకు ఆనుకుని నిలబడితే, వెనక దాక్కున్న వ్యాఖ్యాత జిమ్మీ టార్‌బక్ అతని కాళ్ల మధ్య నుంచి ఒక్కో వస్తువూ అందించాలి. అంగీలోంచి పట్టనంత పెద్ద వస్తువులు రావడమే అక్కడి నవ్వు. సహాయకురాలు అంగీ తొడిగి పక్కకు జరిగింది. కూపర్ ఉన్నపళాన కూలబడ్డాడు. హాలు గొల్లుమంది. అతను ఊపిరికోసం పెనుగులాడుతుంటే నవ్వు ఇంకా పెరిగింది. వెనక్కి ఒరిగిపోయాక గానీ లోపలివాళ్లకు అనుమానం రాలేదు. బ్యాండు నాయకుడికి సైగ వెళ్లింది, టీవీలో ప్రకటనలు పడ్డాయి. కూపర్‌ను తెర వెనక్కి లాగి, తెర ముందు మిగతా కళాకారులతో కార్యక్రమం కొనసాగించారు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. 63 ఏళ్లు.

ఆ ప్రేక్షకులను రాతి గుండెలన్నవాళ్లు ఉన్నారు. అది అన్యాయం. ఈ మనిషి కూలబడితే నవ్వాలని, కంగారు పడితే నవ్వాలని, దారి తప్పితే మరీ నవ్వాలని వాళ్లకు మూడున్నర దశాబ్దాలు తర్ఫీదు ఇచ్చింది అతనే. తెర వెనక టార్‌బక్ కూడా మొదట ఇదేదో కొత్త తమాషా అనుకున్నాడు. చెయ్యి తిరిగిన సాటి కళాకారుడికే తెలియనిది, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

కెర్ఫిల్లీలో 2008లో కూపర్ విగ్రహం పెట్టారు. ఆవిష్కరించింది నటుడు ఆంథొనీ హాప్కిన్స్. తనూ వేల్స్ వాడే, కూపర్‌ను అనుకరించడంలో దిట్ట. అలా అనుకరించేవాళ్లు బ్రిటన్‌లో ఇప్పటికీ వీధికొకడు దొరుకుతాడు. ఆ గొంతు, చేతులు ముందుకు విసిరే ఆ తీరు, ఆ టోపీ ఉంటే చాలు. సీసాలు మాత్రం ఎవరికీ అంత తేలిగ్గా రావు.

అసలు సీసాలూ పేకముక్కలూ లేకపోయినా కూపర్ చేతి పని ఆగేది కాదనడానికి ఒక కథ చెబుతారు. రాజకుటుంబం ఎదుట ప్రదర్శన ముగిసింది. కళాకారులంతా వరుసలో నిలబడ్డారు. ఎలిజబెత్ రాణి ఒక్కొక్కరినీ పలకరిస్తూ కూపర్ దగ్గరకు వచ్చింది. మిమ్మల్ని ఒక సొంత విషయం అడగవచ్చా అన్నాడు. నేను జవాబు చెప్పగలిగినంత వరకే అంది రాణి. పక్కనున్నవాళ్ల గుండెలు జారాయి. మీకు ఫుట్‌బాల్ ఇష్టమేనా అన్నాడు. అంతగా కాదంది.

“అయితే మీ కప్ ఫైనల్ టికెట్లు నాకిస్తారా?”