వారానికో పేజీ, పాతికేళ్ల వసంతం

ప్లానర్ అంటే చేయాల్సిన పనుల చిట్టా ఒక్కటేనా? 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఓ పల్లెటూరి మతగురువు నింపిన గళ్ల పుస్తకం ఈ ప్రశ్నకు మరో జవాబు చెబుతుంది.

జనవరి 1న ఉత్సాహంగా మొదలైన డైరీల్లో చాలావరకు ఫాల్గుణం వచ్చేసరికి ఖాళీ పేజీలే మిగులుతాయి. సరిగ్గా అప్పుడే, ఉగాది ముంగిట్లో, కొత్త పుస్తకం తీసి మళ్లీ మొదలుపెట్టాలనే కోరికా పుడుతుంది. న్యూయార్క్‌కు చెందిన డిజైనర్ రైడర్ కారల్ 2013లో బుల్లెట్ జర్నల్ పద్ధతిని జనంలోకి తెచ్చాక, అచ్చు డైరీ కొనుక్కోకుండా వారం పేజీని ఎవరికి వారే స్కేలు, పెన్ను పట్టుకుని గీసుకోవడం ఎన్నో దేశాల్లో అలవాటైంది. ఏడు రోజులకు ఏడు గళ్లు, పక్కన పనుల జాబితా, మూలల్లో పూలూ ఆకులూ, రంగు టేపులు. ఇదంతా కాలక్షేపమేనా, ఇందులో పనికొచ్చే ఆలోచన ఏమైనా ఉందా అనేది అడగదగిన ప్రశ్నే. పేజీ మీద గీసే ప్రతి గడీ మన చూపును ఒక వైపుకు తిప్పుతుంది. గడి ఉన్న విషయాన్ని చూస్తాం, లేనిదాన్ని దాటిపోతాం. కాబట్టి వారం పేజీని ఎలా గీయాలనేది, వారమంతా దేన్ని గమనించాలనే నిర్ణయం. ప్రకృతి రోజురోజుకూ మారే వసంతారంభంలో ఆ పేజీలో మన పనులకే కాక బయటి లోకానికీ చోటుండాలి. ఈ మాటకు గట్టి చారిత్రక ఆధారం ఉంది.

ముందుగా ఇందుకు భిన్నమైన ఒక పేజీని చూడాలి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1730ల ప్రాంతంలో తన నడవడిని దిద్దుకోవడానికి ఓ చిన్న పుస్తకం తయారుచేసుకున్నాడు. ప్రతి పేజీలో వారానికి ఏడు నిలువు గళ్లు, మితభోజనం, మౌనం, క్రమం వంటి 13 సద్గుణాలకు 13 అడ్డ గళ్లు. తప్పు జరిగిన రోజున ఆ గడిలో నల్లచుక్క పెట్టేవాడు. వారానికో గుణం మీద ప్రత్యేక శ్రద్ధ. 13 వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. పాత చుక్కలు చెరిపి కొత్తవి పెట్టీ పెట్టీ కాగితానికి చిల్లులు పడ్డాయి. దాంతో దంతపు పలకల మీద ఎర్ర సిరాతో గీతలు గీయించి, పెన్సిల్ గుర్తులను తడి స్పాంజితో తుడిచే ఏర్పాటు చేసుకున్నాడు. తోటమాలి కలుపు మొక్కలన్నిటినీ ఒకేసారి పీకబోడు, ఒక్కో మడినీ శుభ్రం చేసుకుంటూ పోతాడని తన పద్ధతిని తానే సమర్థించుకున్నాడు. ఆ గుణాల్లో క్రమం తనను అన్నిటికంటే ఎక్కువ సతాయించిందని ఒప్పుకున్నాడు కూడా. నేటి ప్లానర్లలోని అలవాట్ల పట్టికలన్నీ ఇదే కుటుంబానికి చెందినవి. వీటి ప్రయోజనాన్ని కాదనలేం. అయితే ఈ పేజీలో కనిపించేది మనిషి తప్పొప్పులే. అది మార్చి నెల పేజీయో, నవంబరుదో చూసి చెప్పలేం.

బారింగ్టన్ గళ్లు

బయటికి చూసే వారం పేజీ 1767లో లండన్‌లో అచ్చయింది. వేల్స్‌లో న్యాయమూర్తిగా పనిచేసిన డెయిన్స్ బారింగ్టన్‌కు ప్రకృతి పరిశీలన అంటే మక్కువ. ఎక్కడెక్కడి పరిశీలకులూ ఒకే తీరుగా నమోదు చేస్తేనే వాటిని పోల్చి చూడగలమని భావించి, ‘ది నాచురలిస్ట్స్ జర్నల్’ పేరుతో ఖాళీ గళ్ల పుస్తకాన్ని రూపొందించాడు. వారానికి ఒక పేజీ. ఎడమవైపు ఊరు, తేదీ, ఉష్ణోగ్రత, వాయుపీడనం, గాలి, వాన. తర్వాత చెట్లు ఎప్పుడు చిగురించాయి, మొక్కలు ఎప్పుడు మొదటిసారి పూశాయి, పక్షులు, పురుగులు ఎప్పుడు కనిపించాయి, ఎప్పుడు మాయమయ్యాయి. చివర ఇతర విషయాలకు కాస్త వెడల్పాటి చోటు. గళ్ల శీర్షికల్లో పదేపదే వచ్చేది ‘మొదటిసారి’ అన్న భావమే. మొదటి చిగురు, మొదటి పువ్వు, మొదటి పిట్ట. అంటే ఈ పేజీ ఏడాది పొడవునా పనికొచ్చేదే అయినా, దానికి అసలు పరీక్ష వసంతంలోనే.

ఆ పుస్తకం ప్రతి ఒకటి హాంప్‌షైర్‌లోని సెల్బోర్న్ గ్రామంలో ఉండే గిల్బర్ట్ వైట్‌కు చేరింది. ఆయన చర్చిలో సహాయ మతగురువు, అవివాహితుడు, అప్పటికి 47 ఏళ్లవాడు. 1768 జనవరిలో మొదలుపెట్టి, 1793 జూన్‌లో కన్నుమూసే రోజుల దాకా ఆ గళ్లను నింపుతూనే ఉన్నాడు. పాతిక సంవత్సరాలు దాటిన ఈ లెక్కలో దాదాపు 1,300 వారాలున్నాయి. ఆయన 1789లో ప్రచురించిన సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర ఇంగ్లిష్ సాహిత్యంలో నేటికీ నిలిచింది. బాల్యంలో దాన్ని చదివి పక్షులను చూడటం మొదలుపెట్టానని చార్లెస్ డార్విన్ చెప్పుకున్నాడు. ఆ పుస్తకం వెనక ఉన్న కూలిపని అంతా ఈ వారం పేజీలదే.

గడి నేర్పిన చూపు

గడి చూపును ఎలా పదును పెడుతుందో తెలియాలంటే 1769లో వైట్ బారింగ్టన్‌కు రాసిన ఉత్తరంలోని పట్టిక చూడాలి. వేసవి వలస పక్షులు తన ఊరికి ఎప్పుడెప్పుడు వస్తాయో వరుసగా రాశాడు. స్వాలో పిట్ట ఏప్రిల్ 13, మన కోయిల కుటుంబానికే చెందిన కుకూ ఏప్రిల్ నడుమ, స్విఫ్ట్ ఏప్రిల్ 27 ప్రాంతం. ఆ జాబితాలో మార్చి 23న వచ్చే చిన్న ఆకుపచ్చ పిట్ట కూడా ఉంది. చూడటానికి ఒకేలా ఉండి అందరూ ఒకే జాతిగా పొరబడే మూడు పిట్టలను వాటి కూతలను బట్టి వేరుచేసిన ఘనత వైట్‌దే. వాటిలో అన్నిటికంటే ముందొచ్చేది ఇదే. ‘పిట్టలు వచ్చాయి’ అని ఊరికే అనుకునేవాడికి ఈ తేడా దొరకదు. ఏ పిట్ట, ఏ తేదీన, ఏ కూతతో అని రాయాల్సిన గడి ఎదురుగా ఉన్నవాడు చెవి ఒగ్గి వినక తప్పదు.

ఇదే శ్రద్ధ ఒక తాబేలు మీదా పడింది. మేనత్త చనిపోయాక ఆమె పెంచిన తాబేలు తిమోతీ వైట్‌కు దక్కింది. 1780 మార్చిలో దాన్ని శీతాకాలపు నిద్రలో ఉండగానే మట్టి తవ్వి బయటికి తీశాడు. అది కోపంతో బుసకొట్టింది. మట్టి నింపిన పెట్టెలో పెట్టి, గుర్రపు బండి మీద 80 మైళ్లు తీసుకొచ్చాడు. ప్రయాణపు కుదుపులకు పూర్తిగా మేలుకుని, తోటలో వదలగానే చివరిదాకా రెండుసార్లు నడిచింది. సాయంత్రం చలి పెరగ్గానే వదులు మట్టిలోకి దూరిపోయింది. ఆ తర్వాతి వసంతాల్లో తిమోతీ మట్టిలోంచి ఎప్పుడు తల బయటపెట్టింది, చలి తిరగబెడితే మళ్లీ ఎప్పుడు దాక్కుంది అన్నవి వైట్ జర్నల్లో ఎదురుచూపుతో రాసిన వార్తలయ్యాయి. వసంతం ఒక్క రోజులో వచ్చి కూర్చోదని, ముందుకీ వెనక్కీ ఊగుతూ వస్తుందని పంచాంగం చెప్పలేని సంగతిని ఆ పేజీ చెప్పింది.

అలాగని వైట్ అచ్చు గళ్లకు బందీ కాలేదు. బారింగ్టన్ గీసిన సన్నటి గడులు ఆయన మాటలకు చాలలేదు. గీతలు దాటి రాశాడు, చివరన ఉన్న ఇతర విషయాల చోటును అన్నిటికంటే ఎక్కువగా వాడుకున్నాడు. నేడు సొంతంగా పేజీ గీసుకునేవారు గ్రహించాల్సిన కిటుకు ఇదే. గడి చూపును నిలబెడుతుంది, ఖాళీ చోటు అనుకోనిదాన్ని రానిస్తుంది. రెండూ ఉన్న పేజీయే సంవత్సరాల తరబడి బతుకుతుంది. స్వాలో పిట్టలు వలస వెళతాయా, చలికాలమంతా ఇక్కడే ఎక్కడో నిద్రాణంగా పడి ఉంటాయా అన్న సందేహం వైట్‌ను జీవితాంతం వదల్లేదు. 1781 ఏప్రిల్‌లో మనుషులను పెట్టి పొదలూ కలుగులూ వెతికించాడు. ఏమీ దొరకలేదు. గళ్లు ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు గానీ, తొందరపడి తప్పుడు జవాబు చెప్పకుండా ఆపాయి.

రెండు అభ్యంతరాలు

తీరిక ఉన్న మతగురువు చేశాడు, ఉదయం బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరేవారికి ఇదెలా సాధ్యమని ఎవరైనా అడగవచ్చు. వైట్‌కు సేవకులున్నారన్నదీ, పిల్లల బాధ్యత లేదన్నదీ నిజమే. అయితే ఆయన ఊళ్లో లేనప్పుడు వాన లెక్క చూసి రాసింది ఆయన పనివాడు థామస్ హోర్. గడి స్పష్టంగా ఉంటే పని చేతులు మారినా ఆగదని దీనివల్ల తెలుస్తోంది. పేజీ రూపకల్పన బాగుందో లేదో కూడా అక్కడే తేలుతుంది. పండితుడికే అర్థమయ్యే పేజీ పండితుడితోనే పోతుంది. ఎవరైనా నింపగలిగేది ఇంటిల్లిపాదిదీ అవుతుంది. పైగా వైట్ నమోదుల్లో చాలావాటికి రోజుకు రెండు వాక్యాలు మించి పట్టలేదు. కావలసింది గంటల తీరిక కాదు, గుర్తుచేసే గడి.

ప్లానర్ అనేది రాబోయే పనుల కోసం, జరిగినదాన్ని రాసుకోవడానికి వేరే డైరీ ఉందిగా అనేది రెండో మాట. వైట్ తోటే దీనికి జవాబు. జర్నల్ కంటే ముందే, 1751లో ఆయన తోటపని క్యాలెండర్ మొదలుపెట్టాడు. చలి వదలకముందే దోస, ఖర్బూజా పెంచడానికి పేడ ఎరువును మడులుగా పేర్చి, అది మాగేటప్పుడు పుట్టే వేడి మీద, అద్దాల మూత కింద విత్తనాలు నాటేవారు. ఎరువు ఎప్పుడు పేర్చాలి, వేడి ఎన్నాళ్లు నిలుస్తుంది, మంచు ఎప్పుడు దెబ్బతీస్తుంది అన్నవి నిరుటి రాతల్లో ఉంటేనే ఈ ఏటి పథకం కుదురుతుంది. జరిగినదాని లెక్కే జరగబోయేదానికి పునాది. నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ 1736లో మొదలుపెట్టిన వసంత సూచనల లెక్క ఈ సంగతిని మరింత పెద్ద స్థాయిలో రుజువు చేస్తుంది. మొదటి పూలు, చెట్ల చిగుళ్లు, కప్పల బెకబెకలు వంటి 27 గుర్తులను ఆయన ఏటా నమోదు చేశాడు. వారసులు 1958 దాకా కొనసాగించారు. వసంతారంభం వెచ్చబడితే చెట్లు ఎంత ముందుగా చిగురిస్తాయో తేల్చడానికి ఇటీవలి శాస్త్రవేత్తలకు ఆ కాగితాలే అక్కరకొచ్చాయి. భూమి వేడెక్కుతున్న సంగతి మార్షమ్ ఊహించలేదు. అయినా ఆయన పేజీ మన భవిష్యత్తుకు పనికొచ్చింది.

మన పేజీ ఎలా ఉండాలి

ఇంగ్లండ్ సంగతి మనకెందుకు, మనకు పంచాంగం లేదా అనవచ్చు. తప్పకుండా ఉంది, అదొక గొప్ప పట్టిక. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలతో ప్రతి రోజునూ ఆకాశంలోని కొలతలతో ముడిపెడుతుంది. రైతుకు 27 కార్తెలున్నాయి. ఒక్కోటి 13, 14 రోజులు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి కార్తెలు మార్చి నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా వసంతారంభాన్ని పంచుకుంటాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయనే సామెతలు తరతరాల పరిశీలన సారమే. కానీ పంచాంగం చెప్పేది ఆకాశం సంగతి, నేల సంగతి ఏటేటా మారుతుంది. ఉగాదినే చూడండి. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. చాంద్రమానాన్ని బట్టి పండగ మూడు వారాలు అటూ ఇటూ జరిగింది. వేప చెట్టు మాత్రం ఎండను, నీటిని చూసి పూస్తుంది. ఏ ఉగాదికి పచ్చడిలోకి వేపపువ్వు విరివిగా దొరికింది, ఏ ఉగాదికి వెతుక్కోవాల్సి వచ్చింది అన్నది పంచాంగంలో ఉండదు. మామిడి పూత ఎప్పుడు విచ్చింది, తేనెమంచు పురుగు ఎప్పుడు పట్టింది, పిందె ఎప్పుడు కట్టింది అన్నదీ అంతే. ఆ రెండో సగాన్ని రాసుకునే చోటే మన వారం పేజీ.

అలాగని అలంకారాన్ని వ్యర్థమని కొట్టేయనక్కర్లేదు. ఇష్టంగా గీసిన పేజీనే మళ్లీ తెరుస్తాం. బొమ్మ గీయడానికి పువ్వును రెండోసారి చూడాలి, రేకులు లెక్కపెట్టాలి. ఇబ్బంది ఎక్కడంటే, మార్చి పేజీ అనగానే జపాన్ చెర్రీ పూల నమూనాలను దించుకోవడంలో. అవి అందమైనవే, కానీ అవి వాళ్ల వసంతపు సాక్ష్యాలు. మన దగ్గర అదే వారంలో మోదుగ అడవికి నిప్పంటుకున్నట్టు పూస్తుంది, రావి లేత రాగి రంగు చిగురు తొడుగుతుంది, బజారులోకి చింతచిగురు వస్తుంది. మన పేజీకి రంగులు అక్కడినుంచే రావాలి.

గీయడం ఏమంత కష్టం కాదు. రెండు పేజీలు ఎదురెదురుగా తీసుకుని, ఎడమ పేజీలో ఏడు రోజుల పనులు రాసుకోవచ్చు. కుడి పేజీలో నాలుగు సన్నటి నిలువు గళ్లు చాలు. ఎండా వానా, చెట్లు, పక్షులు, బజారు. కింద సగం పేజీ ఖాళీగా వదలాలి. పైన తేదీ పక్కనే తిథి, కార్తె రాసుకుంటే ఆకాశం లెక్క, నేల లెక్క ఒకచోట చేరతాయి. అన్ని చెట్లనూ చూడాలనుకుంటే నెలలోపే విసుగొస్తుంది. దారిలో రోజూ కనిపించే ఒక్క చెట్టును ఎంచుకుంటే సరిపోతుంది. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం బడిపిల్లలను, పౌరులను కోరేది ఇదే. ఒక చెట్టును నమోదు చేసుకుని, వారానికోసారి దాని ఆకు, పూత, కాయ ఎలా ఉన్నాయో తెలపాలి. మార్షమ్ కుటుంబానికి రెండు శతాబ్దాలు పట్టిన పనిని వేలమంది కలిసి చేయగలిగే వీలు ఈనాడు ఉంది. మన ఊళ్ల వసంతం ఏ వైపు జరుగుతోందో రేపు ఎవరికైనా తెలియాలంటే, ఈ ఉగాది వారం నుంచే ఆ కుడి పేజీని నింపడం మొదలుపెట్టాలి.