6 రోజుల సెలవు, 21 రోజుల సెలవు: తెంచిన నాళాన్ని తిరిగి కలిపే వైద్యం కథ

ప్రభుత్వ కొలువులో తలలు నెరిసిన మనకు సెలవుల నిబంధనలు కంఠస్థమే. కు.ని. ఆపరేషన్ (వేసెక్టమీ) చేయించుకున్న పురుష ఉద్యోగికి 6 రోజుల ప్రత్యేక ఆకస్మిక సెలవు ఇస్తారని అందరికీ తెలుసు. ఆ నాళాన్ని మళ్ళీ కలిపించుకునే రీకెనలైజేషన్ ఆపరేషన్‌కు 21 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చునని 1981లో మన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇచ్చిన సంగతి మాత్రం కొద్దిమందికే గుర్తుంటుంది. ఆపరేషన్ తరువాత బిడ్డలను పోగొట్టుకున్న దంపతులను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన వెసులుబాటు అది. తెంచడానికి ఆరు రోజులు, కలపడానికి ఇరవై ఒక్క రోజులు! అసలు విషయమంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది.

మన దేశం 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది. ఎర్ర త్రికోణం గోడగోడకూ ఎక్కింది. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళం శిబిరంలో ఒక్క నెలలో 60 వేలకు పైగా వేసెక్టమీలు జరిగాయి. ఆ తరువాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా స్టెరిలైజేషన్లు జరిగితే, వాటిలో అధిక భాగం మగవారివే. ఉత్తరాది రాష్ట్రాలలో సాగిన నిర్బంధాలను షా కమిషన్ తరువాత నమోదు చేసింది. ఆ చేదు అనుభవంతో మగవారు ఈ ఆపరేషన్‌కు దూరమయ్యారు, భారమంతా ఆడవారి మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న మహిళలు దాదాపు 70 శాతం. భర్త ఆపరేషన్ చేయించుకున్న జంటలు ఒక శాతం కూడా లేవు.

ఇన్ని లక్షల మందిలో కొందరికి ఏదో ఒకనాడు మళ్ళీ సంతానం కావలసి రావడం సహజం. బిడ్డ పోవడం, భార్య మరణించి రెండో పెళ్ళి చేసుకోవడం వంటి కారణాలు ఉంటాయి. ఈ అవసరమే వైద్యాన్ని ముందుకు నడిపింది. నాళాన్ని తిరిగి కలిపే ప్రయత్నం అమెరికాలో 1919లోనే జరిగింది. మన దేశంలో బొంబాయికి చెందిన డాక్టర్ జి.ఎం. ఫడ్కే ఈ విషయంలో తొలితరం నిపుణులు. తమ అనుభవాన్ని వారు 1967లో అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. 1970వ దశకంలో ఆస్ట్రేలియాలో ఎర్ల్ ఓవెన్, అమెరికాలో షెర్మన్ సిల్బర్ సూక్ష్మదర్శిని కింద ఈ ఆపరేషన్ చేసే పద్ధతిని తెచ్చారు. అక్కడి నుండి ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి.

సూక్ష్మదర్శిని ఎందుకంటారా? వీర్యనాళం బయటికి రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నా, లోపలి రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. వెంట్రుక కన్నా సన్నని దారంతో ఆ రెండు అంచులనూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చి కుట్టాలి. మగ్గం మీద తెగిన పోగును అతకడం మన నగరి నేతగాళ్ళకు నిత్యకృత్యం. కానీ ఆ పోగు లోపల బోలుగా ఉండి, అతికిన తరువాత అందులో ధార పారాలంటే ఎంత నేర్పు కావాలో వారే చెప్పగలరు. వేసెక్టమీ కొన్ని నిమిషాల పని అయితే, ఇది రెండు నుండి నాలుగు గంటల పని.

ఇక ఫలితం మాట. 1991లో అమెరికాలో సుమారు 1,500 మంది మీద జరిపిన పరిశీలన ఇప్పటికీ వైద్యులకు ప్రమాణం. వేసెక్టమీ అయిన 3 ఏళ్ళలోపు కలిపితే 97 శాతం మందిలో వీర్యకణాలు తిరిగి కనిపించాయి, 76 శాతం జంటలకు గర్భం నిలిచింది. 15 ఏళ్ళు దాటిన తరువాత కలిపితే ఆ అంకెలు 71, 30 శాతాలకు పడిపోయాయి. నాళం తెరుచుకోవడం వేరు, సంతానం కలగడం వేరు అని గమనించాలి. భార్య వయస్సు ఇక్కడ చాలా ముఖ్యం. ఏళ్ళు గడిచిన కొద్దీ పైభాగంలోనూ అడ్డంకి ఏర్పడవచ్చు. అప్పుడు నాళాన్ని వృషణం వెనుకనున్న సన్నని గొట్టానికి కలపాల్సి వస్తుంది. అది మరింత కష్టమైన పని. 1992లో బెల్జియం వైద్యులు ప్రకటించిన ఇక్సీ పద్ధతి వచ్చాక, నాళం కలపకుండానే వీర్యకణాన్ని తీసి అండంలో ప్రవేశపెట్టే మార్గమూ ఏర్పడింది. అయితే దాని ఖర్చు ఎక్కువ.

2004 డిసెంబరు సునామీలో పిల్లలను పోగొట్టుకున్న తల్లులకు పొరుగున ఉన్న తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా రీకెనలైజేషన్ చేయించింది. కడలి తీసుకున్న బిడ్డను ఏ వైద్యమూ తిరిగి ఇవ్వలేదు. కానీ ఆ తల్లుల్లో కొందరి ఒడి మళ్ళీ నిండింది. 1981 నాటి మన సెలవు ఉత్తర్వు వెనుక ఉన్న దయ కూడా ఇలాంటిదే.

కాలం మారింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. ఒకనాడు వద్దన్న నోళ్ళే నేడు పిల్లలను కనమంటున్నాయి. ఈ మాటలు విని మన ఇళ్ళలో పిల్లలెవరైనా ఆలోచనలో పడితే, పెద్దలుగా మనం చెప్పవలసినవి మూడు. వేసెక్టమీని శాశ్వతమనే తలచి చేయించుకోవాలి. రీకెనలైజేషన్ ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. కలిపించుకోవలసి వస్తే ఆలస్యం చేయరాదు. సూక్ష్మదర్శిని శస్త్రచికిత్సలో అనుభవమున్న యూరాలజిస్టునే చూడాలి. మీరు ఎన్ని చేశారు, ఎందరికి ఫలితం దక్కింది అని అడగడానికి మొహమాటపడరాదు. భార్యకు కావలసిన పరీక్షలు ముందే చేయించాలి.

ఆపరేషన్ అయ్యాక మూడు నాలుగు వారాలు బరువులెత్తరాదు. వీర్యకణాలు కనిపించడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. అంతవరకు ఆ దంపతులకు కావలసింది ఓపిక. ఇంటి పెద్దలు ఇవ్వగలిగినది ధైర్యం. నెలనెలా "ఏమైనా విశేషమా?" అని అడగకుండా ఉండడమూ వారికి మనం చేసే సాయమే.