బీచ్‌కి వెళ్తున్నారా?.. ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లకి ఏ తీరం బెటర్?.. ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు?

సెలవులొచ్చాయంటే చాలు.. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు నుంచి కార్లు, ఆటోలు, బైకులు సముద్రం వైపు బయల్దేరతాయి. ఏలూరు జిల్లాకి సొంతంగా సముద్రతీరం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక తీరం అంతా పక్క జిల్లాలకే వెళ్లింది. పశ్చిమ గోదావరిలో కూడా సముద్రం తగిలేది నరసాపురం, మొగల్తూరు మండలాలకే. అందుకే మన దగ్గర బీచ్ ట్రిప్ అంటే కనీసం ఓ రోజు ప్రయాణం.

అయితే చాలామంది "ఏది దగ్గర? ఏది రీల్స్‌లో బాగుంది?" అని మాత్రమే చూస్తున్నారు. అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది. మీ వెంట వచ్చేది ఎవరు? వాళ్లు నీళ్లలో దిగుతారా, లేక ఒడ్డున కూర్చుంటారా? దీన్ని బట్టి బీచ్ మారాలి. ఎందుకంటే ఒక్కో తీరంలో సముద్రం ఒక్కోలా ఉంటుంది. సరదాగా వెళ్లి కొందరు శవాలై తిరిగొస్తున్న ఘటనలు ఏటా చూస్తూనే ఉన్నాం. మరి ఎవరికి ఏ బీచ్ సరిపోతుందో ఓసారి చూద్దాం.

పేరుపాలెం.. గూడెం వాళ్లకి దగ్గర

మొగల్తూరు మండలంలో ఉంది. తాడేపల్లిగూడెం నుంచి సుమారు 70 కి.మీ., ఏలూరు నుంచి సుమారు 100 కి.మీ. భీమవరం, మొగల్తూరు మీదుగా వెళ్లాలి. పొడవైన ఇసుక తీరం, పక్కనే కొబ్బరి, సరుగుడు తోటలు. పొద్దున్న వెళ్లి రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. కార్తీక మాసంలో వనభోజనాలకి, సముద్ర స్నానాలకి ఇక్కడ జనం పోటెత్తుతారు.

ఇది అడ్డంకి లేని సముద్రం. అలలు నేరుగా ఒడ్డుకి వస్తాయి. కాబట్టి పిల్లలకి మోకాలి లోతు, పెద్దలకి నడుము లోతు.. అంతే. పోలీసులు జెండాలు పాతినా, తాడు కట్టినా అది దాటొద్దు.

మంగినపూడి.. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

మచిలీపట్నం నుంచి 11 కి.మీ. ఏలూరు నుంచి 80 - 90 కి.మీ. ఉంటుంది. అంటే ఏలూరు వాళ్లకి పేరుపాలెం కంటే ఇదే దగ్గర. రైల్లో అయితే విజయవాడ - గుడివాడ మీదుగా మచిలీపట్నం చేరుకోవచ్చు.

ఇక్కడ తెల్లటి ఇసుక ఆశిస్తే నిరాశే. తీరం నల్లమట్టి, నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. కృష్ణా, గోదావరి నదులు తెచ్చే ఒండ్రు వల్లే డెల్టా తీరంలో నీళ్లు ఇలా కనిపిస్తాయి. అది మురికి కాదు. కానీ చాలా దూరం వరకు లోతు తక్కువ. అందుకే చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకి మన చుట్టుపక్కల ఇదే అనువైనది. అలాగని పిల్లల్ని వదిలేసి ఫోన్ చూసుకోవడం మాత్రం వద్దు. వచ్చేటప్పుడు బందరు లడ్డూ ఎలాగూ ఉంటుంది.

అంతర్వేది.. దర్శనం, సంగమం చూడ్డానికి

లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్న ఊరు. కోనసీమ జిల్లా సఖినేటిపల్లి మండలం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది ఇక్కడే. నరసాపురం దాకా వెళ్లి పంటు మీద గోదావరి దాటొచ్చు. కారులో నేరుగా వెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్లాలి. నదీ, సముద్రం కలిసే చోటుని స్థానికులు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు.

చూడ్డానికి ఇంతకంటే అందమైన చోటు దగ్గర్లో లేదు. దిగడానికి మాత్రం ఇంతకంటే ప్రమాదకరమైన చోటూ ఉండదు. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గుతుంటే, నది నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి లాగుతాయి. ఇసుక మేటలు ఎప్పటికప్పుడు జరుగుతుంటాయి. నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ గొయ్యి ఉండొచ్చు. సంగమం దగ్గర ఫొటో తీసుకోండి, దిగకండి. కృష్ణా నది సముద్రంలో కలిసే హంసలదీవి వైపు వెళ్లేవాళ్లకీ ఇదే మాట.

సూర్యలంక.. రాత్రి ఉండాలనుకుంటే

బాపట్ల నుంచి 9 కి.మీ. ఏలూరు నుంచి విజయవాడ, గుంటూరు మీదుగా సుమారు 150 కి.మీ. బాపట్ల విజయవాడ - చెన్నై మెయిన్ లైన్‌లోనే ఉంది కాబట్టి రైలు సులువు. మంచి ఇసుక తీరం, పర్యాటక శాఖ హరిత రిసార్ట్, చుట్టూ ప్రైవేట్ గదులు ఉన్నాయి. వీకెండ్‌లో రష్ బాగా ఎక్కువ. ఇక్కడ కూడా కుర్రాళ్లు కొట్టుకుపోయిన ఘటనలు పదేపదే జరిగాయి. గుంపుగా వెళ్లే స్టూడెంట్స్ ఇది గుర్తుపెట్టుకోవాలి.

విశాఖ.. రెండు రోజులుంటే

ఏలూరు నుంచి రైల్లో సుమారు 290 కి.మీ., గూడెం నుంచి సుమారు 240 కి.మీ. ఆర్కే బీచ్‌లో నడక, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం గాలి బాగుంటాయి. కానీ అక్కడ ఒడ్డుకి దగ్గర్లోనే లోతు మొదలవుతుంది. స్నానానికి అది తగిన చోటు కాదు. నీళ్లలో దిగాలంటే 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండకి వెళ్లండి. అక్కడ కూడా లైఫ్‌గార్డ్‌లు చూపించిన హద్దులోనే ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలి?

జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు బెస్ట్. ఎండ తక్కువ, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అదే సీజన్‌లో కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, కొంగలు కూడా ఉంటాయి. ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా వెళ్లేవాళ్లు రెండూ కలిపి ప్లాన్ చేసుకోవచ్చు. అయితే సంక్రాంతి మూడు రోజులు భీమవరం చుట్టుపక్కల గది దొరకడం కష్టం. కోడిపందేల కోసం ముందే బుక్ అయిపోతాయి.

వర్షాకాలంలో బయల్దేరే ముందు రోడ్డు సంగతి కూడా కనుక్కోండి. కొల్లేరు పొంగితే ఏలూరు - కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, రాకపోకలు ఆగిపోతాయి.

కార్తీక స్నానాలకి వెళ్లేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే కార్తీకం వచ్చేదే తుపాన్ల సీజన్‌లో. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్ 28న మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటింది. పైగా పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఆటుపోట్ల తేడా మామూలు రోజుల కంటే ఎక్కువ. సరిగ్గా అదే రోజు జనం ఎక్కువ, నీళ్ల కదలికా ఎక్కువ. పుణ్యం కోసం అయితే ఒడ్డున చెంబుతో పోసుకున్నా సరిపోతుంది.

ఓ సింపుల్ లెక్క చెప్పాలంటే.. మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని వాతావరణ శాఖ చెప్పిన రోజు మీరు కూడా బీచ్‌కి వెళ్లొద్దు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు ఒడ్డునే కనిపిస్తాయి. అది తుపాను వల్ల కాదు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులు వేట నిషేధం.

"లోపలికి లాగేస్తోంది" అంటే ఏంటి?

అలలు ఒడ్డుకి తోసిన నీళ్లు మళ్లీ లోపలికి వెళ్లాలి కదా. అవి ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా వెనక్కి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నురగ లేకుండా ప్రశాంతంగా కనిపిస్తే అదే ఆ దారి కావొచ్చు. చాలామంది "ఇక్కడ అలలు లేవు, సేఫ్" అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. అసలు ప్రమాదం అదే.

అందులో చిక్కుకుంటే ఇలా చేయండి:

- ఒడ్డు వైపు ఎదురీదొద్దు. గజ ఈతగాళ్లు కూడా అలిసిపోయేది అక్కడే.
- కంగారు పడకుండా వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తి కేకలేయండి.
- ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. లాగుడు తగ్గాక ఒడ్డుకి రండి.
- ఫ్రెండ్ కొట్టుకుపోతుంటే వెనకాలే దూకొద్దు. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోతున్నది ఇలాగే. మూత పెట్టిన ఖాళీ వాటర్ క్యాన్, ట్యూబ్, తాడు.. ఏది దొరికితే అది విసరండి.
- వెంటనే మత్స్యకారుల్ని పిలవండి. పోలీసులకి 112, అంబులెన్స్‌కి 108, కోస్ట్‌గార్డ్‌కి 1554.

బయల్దేరే ముందు ఇవి మర్చిపోవద్దు

మందు తాగి నీళ్లలోకి దిగొద్దు. పొద్దు గూకాక అస్సలు దిగొద్దు. పది మంది వెళ్తే ఒకరు ఒడ్డునే ఉండి మిగతా తొమ్మిది మందిని చూస్తూ ఉండాలి. ఒడ్డుకి వెళ్లగానే వల సర్దుకునే వాళ్లనో, కొబ్బరిబొండాలు అమ్మే వాళ్లనో "బాబాయ్, ఇక్కడ లాగుడు ఎటు ఉంది?" అని అడగండి. ఏ యాప్‌లోనూ లేని సమాచారం వాళ్ల దగ్గరుంటుంది. వాళ్లు "ఇవాళ వద్దు బాబూ" అన్నారంటే.. ఆ రోజుకి ఇసుకలో ఆడుకుని, చేపల పులుసు తినేసి వచ్చేయడమే.