‘ఇదేం పనికొస్తుంది?’ అన్న చదువులు

ఈసారి కూడా కాస్త పొడుగే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. సగంలో ఆపేసినా మేమేమీ అనుకోం.

పోయిన సమావేశంలో పిల్లల చదువుకి సాయం గురించి మాట్లాడుకున్నాం కదా. ఇంజనీరింగు, నర్సింగు, బీకామ్ దరఖాస్తులకి గబగబా సరే అనేశాం. రెండింటి దగ్గర ఆగాం. ఒక అమ్మాయి భాషాశాస్త్రం చదువుతోంది, కొండల మీదికి వెళ్లి సవర భాష మాటలు రికార్డు చేసుకోవాలట. ఇంకో కుర్రాడు జంతుశాస్త్రం, రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల మీద పని చేస్తాడట. ఇద్దరూ మన గేట్ బజార్ పిల్లలే. అడిగింది బస్సు చార్జీలు, చిన్న చిన్న ఖర్చులు. ‘సవరకీ తాబేలుకీ మన సంఘానికీ ఏం సంబంధం? ఇదేం పనికొస్తుంది?’ అని ఒక పెద్దాయన అడిగారు. అందరం నవ్వాం. వద్దని చేతులెత్తాం. ఎత్తిన చేతుల్లో మాదీ ఒకటి.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఇదంతా.

ముందు మన జిల్లాలోనే ఉన్న ఒక రాయి దగ్గరికి వెళ్దాం. పురుషోత్తంపూర్ దగ్గర, రుషికుల్య ఒడ్డున జౌగడ. అక్కడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దానివి. మనలో చాలామంది కార్తీక మాసం పిక్నిక్‌కి వెళ్లి, దాని ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లమే. ఆ రాత ఏమిటో ఈ దేశంలో ఎవరికీ తెలియని కాలం చాలా వందల ఏళ్లు నడిచింది. 1837 ప్రాంతంలో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పాడు. ఆయన ఉద్యోగం కలకత్తా టంకశాలలో, నాణేల్లో వెండి, బంగారం ఎంతుందో పరీక్షించడం. లిపి చదవమని జీతం ఇచ్చినవాళ్లు లేరు.

జౌగడ శాసనాలకు 1850లో నకలు తీయించినది వాల్టర్ ఎలియట్. మద్రాసు ప్రభుత్వం తరఫున ఉత్తర సర్కారులకు కమిషనరు. శిస్తులు, జమీందార్ల తగాదాలు చూసుకోవలసిన అధికారి. చూసుకున్నాడు కూడా. దాంతోపాటు ఏమేం చేశాడో చూడండి. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించాడు. దక్షిణ దేశపు నాణేల మీద పుస్తకం రాశాడు. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో కనబడే మొక్కల పేర్లన్నీ పోగు చేసి, మన తెలుగు పేరుకి ఎదురుగా శాస్త్రీయ నామం పెట్టి ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని 1859లో అచ్చు వేయించాడు. సరిగ్గా అదే 1859లో లండన్‌లో డార్విన్ జీవజాతుల పుట్టుక మీద పుస్తకం వేశాడు. దాని మొదటి అధ్యాయంలోనే పావురాల గురించి రాస్తూ, ఇండియా నుంచి వాటి తోళ్లు పంపినందుకు ఎలియట్ పేరు చెప్పుకున్నాడు.

నాణేలు, శాసనాలు, మొక్కలు, పావురాలు. ఒకదానికొకటి ఏం సంబంధం? ఆ రోజుల్లో ఎవరైనా సమావేశం పెట్టి ఆయన దరఖాస్తు చూసి ఉంటే, మనలాగే నవ్వేవాళ్లు.

జౌగడ బండ సంగతి ఇంకొకటుంది. దేశంలో మిగతా చోట్ల 13వ శాసనంలో అశోకుడు కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చారో చెప్పి, బాధపడ్డాడు. మన జౌగడలో ఆ శాసనమే లేదు. దెబ్బ తిన్నవాళ్ల ఊళ్లో ఆ మాట చెక్కించలేదు. దానికి బదులు ఇక్కడ వేరే శాసనాలు వేయించాడు. ప్రజలంతా తన బిడ్డలని, అధికారులు కారణం లేకుండా ఎవరినీ బంధించకూడదు, బాధించకూడదని చెప్పాడు. గెలిచిన రాజుకి కూడా ఇక్కడి మనుషుల ముందు మాట తడబడిందని ఆ బండ చూస్తే తెలుస్తుంది. టంకశాల ఉద్యోగి ఊరికే లిపి మీద కూర్చోకపోతే మనకది గీతల రాయిగానే మిగిలేది.

ఇప్పుడు సవర సంగతి. ఆ అమ్మాయి దరఖాస్తు చూసి నవ్వినప్పుడు మేము మరిచిపోయిన పేరు గిడుగు వెంకట రామమూర్తి గారిది. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, ఉపన్యాసాలు దంచుతాం. పుట్టింది 1863లో, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. అప్పుడది గంజాం జిల్లాయే. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. చరిత్ర చెప్పే పంతులు కాబట్టి ముఖలింగం గుడి శాసనాలు చదవాలనిపించింది. ఎవరూ నేర్పకుండానే పాత లిపులు నేర్చుకున్నారు. గంగ రాజుల తామ్రశాసనాలు పరిష్కరించారు. వాళ్ల రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని వాదించారు.

అంతటితో ఆగలేదు. కొండల మీది నుంచి పర్లాకిమిడికి వచ్చే సవరలు మాట్లాడుకునేది ఆయన చెవిన పడింది. దానికి లిపి లేదు, పుస్తకం లేదు, నేర్పే గురువు లేడు. భాష తెలిసిన సవరలను ఇంటికే పిలిపించుకుని మాటకు మాట నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. కొండల్లో తిరుగుతుంటే మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగీ మింగీ చెవుడు వచ్చింది. భాషకు చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి చెవులే పోయాయి. అయినా వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు.

సవర తెలుగుకి చుట్టం కాదు, ఒడియాకీ కాదు. సంతాలీ, ముండారీ భాషల కుటుంబం. దూరపు చుట్టరికం కంబోడియా, వియత్నాం భాషలతో. గజపతి జిల్లా కొండల్లో మాట్లాడే మాటకి సముద్రం అవతల బంధువులున్నారన్నమాట. ఆ తర్వాత ఈ కుటుంబం భాషల మీద పని చేసిన పండితులకు రామమూర్తి గారి పుస్తకాలే మొదటి మెట్టు.

ఇందులో మన తెలుగుకి ఏం ఒరిగింది అంటారా? మేమనుకునేది ఇది. శాసనాలు చదివినవాడికి భాష కాలాన్ని బట్టి మారుతూ వస్తుందని కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. లిపి లేని సవర నేర్చుకున్నవాడికి, నోట్లో ఉన్నదే అసలు భాష, కాగితం మీద ఉన్నది దాని నీడ అని తెలుస్తుంది. ఈ రెండూ తెలిసిన మనిషి, ‘తెలుగు పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఎందుకు ఉండకూడదు?’ అని అడగడంలో వింత లేదు. వ్యావహారిక భాష కోసం ఆయన పండితులతో ఏళ్ల తరబడి పోట్లాడారు. 1919లో ‘తెలుగు’ అని పత్రిక పెట్టారు. ఆ పోరాటం గెలిచింది కాబట్టే ఈ రోజు పేపరు మనకు అర్థమవుతోంది.

ఇక్కడ మా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. నాన్నగారి రైల్వే ఉద్యోగం మూలంగా మా అన్నదమ్ములమంతా చదువుకున్నది తమిళ మీడియంలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తమిళంలో వీధిలో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో రాసేది ఇంకొకటి. పుస్తకం భాష వేరుగా నేర్చుకోవాల్సిందే. తెలుగు అక్షరాలు మాకు వచ్చింది ఉద్యోగంలో చేరాక. స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లీషు పేరు పక్కన తెలుగు పేరు చూసి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అని కూడబలుక్కుని నేర్చుకున్నాం. అక్షరాలు రాగానే పేపరు చదవగలిగాం. ఎందుకంటే అందులో ఉన్నది మా అమ్మ మాట్లాడిన తెలుగే. అదే గ్రాంథికం అయ్యుంటే ఈ జన్మకి మాకు తెలుగు చదువు వచ్చేది కాదు, ఈ వ్యాసమూ ఉండేది కాదు. పర్లాకిమిడి పంతులుగారు సవరల మాట వినడానికి కొండెక్కకపోతే మేము తెలుగులో ఒక ఉత్తరం ముక్క కూడా రాయలేకపోదుమేమో. ఆ కొండే ఎక్కుతానన్న పిల్లకు వద్దని చెయ్యెత్తాం.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసినప్పుడు రామమూర్తి గారు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు. అదే 1936లో సవరలలోనే మంగెయి గొమాంగో అనే ఆయన తమ భాషకు ‘సోరంగ్ సోంపెంగ్’ అనే సొంత లిపి తయారుచేశారు. సరిహద్దులు గీసేవాళ్లు గీస్తుంటారు. మనం ఇక్కడే ఉండిపోయాం, ఒడిశా మన ఇల్లు. కాని ఆ పంతులుగారు వదిలి వెళ్లిన పనికి వారసులు రాజమండ్రిలోనే ఉండాలని ఏముంది? గేట్ బజార్‌లో ఉండకూడదా?

ఇక తాబేళ్లు. రుషికుల్య ముఖద్వారంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తీరంలో వేట చేసే మన తెలుగు జాలర్లు తాతల నాటి నుంచి చూస్తున్నదే అయ్యుంటుంది. కాని శాస్త్రలోకం దాన్ని గుర్తించి రాసుకున్నది 1994లో. అప్పటినుంచే లెక్కలు, కాపలా, గుడ్లు పెట్టే కాలంలో దీపాలు తగ్గించడం వచ్చాయి. పిల్ల తాబేలు వెలుగున్న వైపు పాకుతుంది. రాత్రి సముద్రం మీది వెలుగుకి బదులు ఊరి దీపం కనబడితే ఇటు వచ్చి చస్తుంది.

ఇంకో వింత. తాబేలు గుడ్డులోంచి ఆడది వస్తుందా మగది వస్తుందా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. ఇలాంటిది ఒకటి ఉందని మొదట చెప్పినది మడలీన్ షార్నియే అనే శాస్త్రవేత్త. 1966లో, ఆఫ్రికాలోని సెనెగల్‌లో. ఆవిడ చూసింది తాబేళ్లని కూడా కాదు, తొండ గుడ్లని! తొండ గుడ్లు పొదిగిస్తానని ఎవరైనా మన సంఘానికి దరఖాస్తు పెడితే ఏమనేవాళ్లమో చెప్పక్కర్లేదు. ఈ రోజు ఎండలు ముదిరి ఇసుక కాగిపోతుంటే, మన తీరంలో మగ తాబేళ్లు మిగులుతాయా అని భయపడటానికి ఆధారం ఆ తొండ గుడ్లే.

చివరిగా తుఫాను. 1999 అక్టోబరులో మన గంజాం మీద ఒకటి విరుచుకుపడింది. రెండు వారాలు తిరక్కుండానే అటు పారాదీప్ వైపు మహా తుఫాను వచ్చి దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ నేరుగా మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది. చెట్లు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కాని ముందే తెలిసింది కాబట్టి సుమారు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే. ఆ తేడా చదువు వల్ల వచ్చింది, దాన్ని అమలు చేసిన యంత్రాంగం వల్ల వచ్చింది.

ఆ చదువు ఎక్కడ మొదలైంది? తుఫానుకి ‘సైక్లోన్’ అని 1848లో పేరు పెట్టినది కలకత్తాలో ఓడల ప్రమాదాల విచారణలు చూసే హెన్రీ పిడింగ్టన్. గ్రీకులో పాము చుట్ట అని అర్థం వచ్చే మాట నుంచి తీసుకున్నాడు. ఆయన చేసిందేమిటంటే, తుఫానులో చిక్కుకున్న ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడకు గాలి ఎటు నుంచి కొట్టిందో వరసగా రాసుకోవడం. అచ్చంగా గుమస్తా పని! జీవితమంతా రిజిస్టర్లు నింపిన మాలాంటివాళ్లకు ఇది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు వరసగా చూడండి. టంకశాల ఉద్యోగి, కమిషనరు, బడిపంతులు, విచారణల అధికారి. ఎవరి శాస్త్రం వాళ్లది, ఎవరికీ ఇంకొకరి పనితో సంబంధం లేదు. అందరి పనీ చివరికి మన జిల్లాలోనే వచ్చి దిగింది. పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. బుక్ చేసినవాడు ఎక్కడో ఉంటాడు, విడిపించుకునేవాడు ఇంకెక్కడో ఉంటాడు. కొన్ని పార్సిళ్లకు ఎవరూ రారు, నిజమే. చదువుల్లోనూ పనికిరానివి బోలెడు ఉంటాయి. కాని ఏది పనికొస్తుందో బుకింగు దగ్గరే తేల్చేయగల గుమస్తా ఇంతవరకు పుట్టలేదు.

ఆ రోజు ప్రశ్న అడిగిన పెద్దాయన్ని తప్పుపట్టడం లేదు. మన సంఘం డబ్బు మన చందాలే. ఇంట్లో సంపాదన లేని పిల్లకు నర్సింగు ఫీజు కట్టడం ముందు, అందులో రెండో మాట లేదు. మేమడిగేది చిన్నది. ఏటా ఇచ్చే మొత్తంలో ఒక్క భాగం, ఉద్యోగం వస్తుందా అని అడగకుండా ఇద్దాం. దరఖాస్తులో పిల్ల ఏం తెలుసుకోవాలనుకుంటోందో అది మాత్రం అడుగుదాం. తిరిగొచ్చాక ఒక ఆదివారం మనందరికీ చెప్పమందాం. సవర మాటలు నాలుగు మనమూ విందాం.

వచ్చే సమావేశంలో ఈ మాట పెడతాం. ఈసారి చెయ్యి ఎటు ఎత్తాలో మాకు తెలుసు. మీరూ ఆలోచించండి. రాసినదాంట్లో తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి, ఒత్తుల తప్పులకు మాత్రం మా తమిళ చదువుని క్షమించండి.